మసియద్దము



అద్దమనగా అంగడిలో కొనదగిన వస్తువే యని మన తలంపు. దానిని ఇంటనే చేసికొనవచ్చును. జానెడు గాజుపలకను కుంకుడురసముతో జిడ్డు పోవునట్లు కడిగి తుడువుడు. దీపపుమసిని అవిసెనూనెతో నూఱి, పలకకు ఒకవైపున సందు లేకుండ దట్టముగా పూసి ఆరనిండు. పూతలేని వైపునుండి చూచినచో ముఖము మసకగా నగపడును.

ముఖము చూపినది మసి గాదు, గాజు నునుపు. తనపై నిటారుగా పడిన వెలుగులో నూటికి 4 పాళ్లను మాత్రమే గాజు పైతలము వెనుకకు పంపును. గాజు ఆవలినుండి హెచ్చు వెలుగు వచ్చునప్పుడు ఈ కొలదినీడ అందులో కలిసిపోవును. మసి ఆ వెలుగు నడ్డగించును. రాత్రివేళ గదిలో దీపమును వెలుపల చీకటియు నున్నప్పుడు కిటికీగాజులో మన ముఖము కనబడుటకును ఇదియే కారణము.

నునుపేల కావలయును? గచ్చునేలపై ఏటవాలుగా విసరిన చెండు ఏ వాలున తాకునో ఆ వాలుననే ఎగయును. కాంతికిరణమును అట్టిదే. నున్నని తలమున కిరణములు క్రమము చెడక మరలును గాన రూపమేర్పడును. గోడ గరుకగుటచే కిరణములు చెదరును, రూపము నిలువదు. గాజుపై వెండిని నిలుపు రసాయనవిధమును జర్మనీదేశీయుడగు లీబిగ్ 1835లో కనుగొనెను. అట్టి వెండిపూత నూటికి 90 పాళ్లకు పైగా కాంతిని మరలించును.

ఇక ముఖ్యవిషయము. గ్రహణమునాడు పళ్లెములో పసుపునీళ్లు పోసి అందు సూర్యుని చూచుట మన యూళ్లలో కలదు. మసిగాజుగుండ చూచువారును కలరు. నీరును ఒక యద్దమే. నడినెత్తి సూర్యుని వెలుగులో నూటికి 2 పాళ్లను అది మరలించును. సూర్యుడు వాలినకొలది ఇంకను హెచ్చు. కన్ను సహింపగలది లక్షకు 3 పాళ్లు మాత్రమే. మసిపూత పలుచనైన చోటు మనకు తెలియదు. కంటిలోపలి పొర కాలునప్పుడు నొప్పి యుండదు. చూపు చెడిన పిమ్మటనే తెలియును.

దీనికి ఉపాయమును అద్దమే. అంగడి యద్దమును కాగితముతో కప్పి, ఆ కాగితమున పావంగుళపు రంధ్రము చేయుడు. అద్దమును ఎండలో కదలకుండ నిలిపి, 30 అడుగుల దూరమున నున్న చీకటిగది గోడమీదికి వెలుగును మరల్పుడు. 3 అంగుళములకు మించిన సూర్యబింబము గోడపై నిలుచును. గ్రహణము పట్టుటయు విడుచుటయు ఇంటిల్లిపాది ఒక్కసారి చూడవచ్చును. చూడవలసినది గోడను, అద్దమును గాదు.

పిల్లలు పళ్లెము చుట్టు మూగకమునుపే ఈ మాట చెప్పవలసినవారు పెద్దలైన మీరే.