సొంత దుకాణానికి ముందు శిష్యరికం

గల్ఫ్ దేశాల్లో పదిహేను, ఇరవై ఏళ్లు డ్రైవరుగానో, ఎలక్ట్రీషియన్‌గానో పనిచేసి ఇల్లు చేరిన సోదరులు మన బంధువుల్లో, ఇరుగుపొరుగుల్లో ఎందరో ఉన్నారు. చేతిలో కొంత సొమ్ము ఉంటుంది. ఇంట్లో చదువుకునే పిల్లలు, పెళ్లీడుకొచ్చిన కూతురు ఉంటారు. “ఇక పరాయి దేశం వద్దు, ఇక్కడే ఓ బట్టల దుకాణం పెట్టుకుందాం” అన్న ఆలోచన సహజంగానే కలుగుతుంది. దుకాణానికి డబ్బు కావాలని అందరికీ తెలుసు. అమ్మడం కూడా ఒక విద్యేనని మాత్రం చాలామంది ఆలస్యంగా గ్రహిస్తారు. అప్పటికే ఏళ్ల కష్టార్జితం అద్దె కిందా, అమ్ముడుపోని సరుకు కిందా కరిగిపోయి ఉంటుంది.

అందుచేత నలభై దాటి వృత్తి మార్చుకునేవారు ముందుగా ఒక ఏడాది మరొకరి దుకాణంలో పని నేర్చుకోవడం శ్రేయస్కరం.

గల్లా పెట్టెకు దూరంగా

హైదరాబాద్ పత్తర్‌గట్టిలోనైనా, చిన్న పట్టణపు బజారులోనైనా బట్టల దుకాణంలో కొత్తగా చేరినవారికి మొదట గల్లా పెట్టె అప్పగించరు. విప్పిన తానులను మళ్లీ చుట్టడం, చీరలు మడత పెట్టడం, ఏ అరలో ఏ సరుకుందో గుర్తుంచుకోవడం తొలి పాఠాలు. తర్వాత బట్ట పన్నా తెలియాలి. 44 అంగుళాల పన్నాకు సరిపోయే మీటర్లు 36 అంగుళాల పన్నాకు చాలవు. లెక్క తప్పితే దర్జీ దగ్గరికి వెళ్లిన కొనుగోలుదారు మరునాడు తిరిగి వస్తాడు. ఏ నూలుబట్ట ఉతికితే కుంచించుకుపోతుందో, ఏ రంగు దిగుతుందో చేతులు పడ్డాకే తెలుస్తుంది.

ఈ పాఠాలు చెప్పేది ఇరవై రెండేళ్ల కుర్రవాడు కావచ్చు. “చాచా, అలా కాదు, ఇలా మడవాలి” అని అతడు అందరి ముందూ అంటే మనసు చివుక్కుమంటుంది. శిష్యరికంలో కష్టమైన ఘట్టం అదే. ఆ మాటను ఓర్చుకోగలిగినవారు మిగతా పని త్వరలోనే నేర్చుకుంటారు.

మదీనా బజారు

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కాను వదిలి మదీనా చేరినప్పుడు, అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దీవించి, బజారు ఎక్కడుందో చూపించమని మాత్రమే కోరారు. ఖైనుఖా బజారుకు వెళ్లి, కొంత పనీరు, నెయ్యి సంపాదించుకుని తిరిగి వచ్చారు. కొత్త ఊళ్లో చిన్న సరుకుతో మళ్లీ మొదలుపెట్టడాన్ని ఆయన నామోషీగా భావించలేదు.

అమ్మకంలో మరో పరీక్ష కూడా ఉంది. “ఇదే ఆఖరి పీసు”, “రంగుకు గ్యారంటీ” వంటి మాటలు నోటికి తేలిగ్గా అలవాటవుతాయి. ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని గమనించిన దైవప్రవక్త (స), దాన్ని ప్రజలకు కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీశారు. రంగు దిగుతుందని ముందే చెప్పే అమ్మకందారు ఆ రోజు ఒక బేరం పోగొట్టుకోవచ్చు. కానీ అతడి మాట మీద నమ్మకం కుదిరిన కుటుంబం పండుగకు అతణ్ణే వెతుక్కుంటూ వస్తుంది.

చేరే ముందు

1961 నాటి అప్రెంటిస్ చట్టం కనీస వయసును 14 ఏళ్లుగా నిర్ణయించింది, గరిష్ఠ వయసు పెట్టలేదు. అయితే జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో కేంద్రం భరించే వాటా 35 ఏళ్ల వరకే వర్తిస్తుంది. కనుక నడివయసు వారు యజమానితో నేరుగా మాట్లాడుకోవాలి. జీతమెంత, అమ్మకంపై కమీషన్ ఉందా, సెలవు ఏ రోజు, జుమా నమాజుకు వెసులుబాటు ఎలా అన్నవి కాగితంపై రాయించుకోవడం మంచిది. ఏడాది తర్వాత సొంత దుకాణం పెట్టే ఉద్దేశం ఉంటే అదీ దాచకూడదు. రంజాన్ రద్దీకి ముందే చేరితే ఒక్క నెలలోనే ఎంతో నేర్చుకోవచ్చు.

ఆ ఏడాది ఆదాయం తగ్గుతుంది. ఇంటి ఖర్చుకు కావలసినంత సొమ్ము విడిగా ఉంచి, మిగతాది ముట్టుకోకుండా కాపాడుకోవాలి. ఈ లెక్క భార్యాభర్తలు కలిసి కూర్చుని వేసుకోవాలి. “ఇంత వయసొచ్చి ఒకరి కొట్లో నిలబడతాడా?” అని బంధువులు అన్నప్పుడు ఇంటివారే అండగా నిలవాలి. రాత్రి అలసి వచ్చిన మనిషిని ఎంత తెచ్చావని అడగడానికి ముందు, ఈ రోజు ఏం నేర్చుకున్నావని అడిగితే చాలు, మరునాడు అతడు తల ఎత్తుకుని ఆ దుకాణం మెట్లెక్కుతాడు.