లాబ్‌స్టరును పట్టుట, వండుట

పని ముగిసిన పిమ్మట చేతులకును మనస్సునకును వ్యాయామము గలిగించు వినోదములు పెక్కులు గలవు. తోటపని యొకటి, గాలము వేయుట యొకటి. అమెరికాదేశపు ఈశాన్యమూలనున్న మెయిన్ రాష్ట్రములో లాబ్‌స్టరులను స్వయముగా పట్టి, స్వయముగా వండుకొనుట అట్టి వినోదము. దీనిని గూర్చి మన విద్యార్థులకు కొంత తెలుపగోరుచున్నాము.

లాబ్‌స్టరు రొయ్యకును పీతకును చుట్టము. దీనికి పది కాళ్లు. ముందరి రెండును పట్టుకారులవలె నుండును. వానిలో లావైనది గుల్లలను పగులగొట్టుటకును, సన్ననిది మాంసమును చీల్చుటకును ఉపయోగపడును. మన తూర్పుతీరమున దొరకు ముండ్ల లాబ్‌స్టరునకు ఇట్టి పట్టుకారులు లేవు.

దీనిని పట్టు సాధనము మన కాలువలలో నుంచు మావును పోలియుండును. తీగెతో నల్లిన పెట్టెలో ఒకటి వంటగది, మరియొకటి చావడి యని అచ్చటి బెస్తలు పిలుచు రెండు భాగములుండును. వంటగదిలో ఉప్పుచేపను ఎరగా కట్టుదురు. గరాటువంటి వలద్వారమున లోనికి వచ్చిన లాబ్‌స్టరు, బయటపడజూచి చావడిలోనికి పోయి చిక్కుకొనును. పెట్టెకు తాడును, తాటికి రంగుబెండును కట్టి సముద్రపుటడుగునకు దింపుదురు. లోనికి పోయినదెల్ల చిక్కుననుకొనరాదు. న్యూహాంప్‌షైరు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు నీటిలో కెమెరా నుంచి పరిశీలించి, నూటికి 6 మాత్రమే పట్టుబడుచున్నవని 2001లో ప్రకటించిరి.

ఈ వినోదమునకు కట్టుబాట్లు గలవు. అనుమతిపత్రము గోరువాడు ముందుగా నిబంధనలపై పరీక్ష నియ్యవలెను. 5 పెట్టెలకు మించి వేయరాదు; పట్టినదానిని అమ్మరాదు; పరుల పెట్టెను ముట్టరాదు. ప్రతి లాబ్‌స్టరును కొలబద్దతో కొలువవలెను. కంటిగుంట వెనుకనుండి వీపుపెంకు చివరవరకు 3¼ అంగుళములకు తగ్గినను, 5 అంగుళములకు మించినను నీటికే యప్పగింపవలెను. గ్రుడ్లతోనున్న ఆడుదానిని విడువవలెను. బెస్తలు అట్టిదాని తోకరెక్కపై గంటు పెట్టి విడుతురు. ఆ గంటున్నది గ్రుడ్లు లేనప్పుడు చిక్కినను దానిని పట్టుకొనిపోరాదు. చిన్నవి వెడలిపోవుటకు పెట్టెకు కంత యుండును. తాడు తెగి పెట్టె పోయినచో, లోనివానికి అది తీరని చెర కాకుండ, నీటిలో చివికి యూడిపోవు తలుపు నొకదానిని అమర్చుదురు.

ఇక వంట. చచ్చిన లాబ్‌స్టరులో సూక్ష్మజీవులు త్వరగా పెరిగి మాంసమును చెరచును గనుక, వండువరకు అది ప్రాణముతో నుండవలెను. ప్రాణముతో మరుగునీట వేయుట క్రూరము గాదా యని బాలబాలికలు అడుగవచ్చును. అది అడుగదగిన ప్రశ్నయే. ముందుగా స్పృహ తప్పింపక అట్లు చేయుటను స్విట్జర్లాండు 2018లో నిషేధించెను. బ్రిటనులో 2022 నాటి శాసనము దీనిని బాధ నెరుగు జీవులలో జేర్చెను. కావున మంచుముక్కలలో నుంచి మందపరచి, వాడికత్తితో తలను ఒక్క వ్రేటున నిలువున చీల్చి, వెంటనే వండుట మేలు. అరకిలో తూగుదానికి మరుగు ఉప్పునీట సుమారు 10 నిమిషములు చాలును.

అప్పుడు నల్లని పెంకు ఎర్రనగును. ఆ యెరుపు క్రొత్తగా వచ్చినది కాదు. మొదటినుండియు పెంకులో నున్నదే. ఒక మాంసకృత్తు దానిని బంధించి మరుగుపరచియుండును. వేడికి ఆ మాంసకృత్తు చెడగా రంగు బయటపడును. ఒడలిలోని పచ్చని ముద్ద కాలేయము వంటిది. విషద్రవ్యములు అందు చేరును గనుక దానిని తినరాదని మెయిన్ రాష్ట్రాధికారులు హెచ్చరించుచున్నారు.

నడినీట ఒంటరిగా నున్నవాని కొలబద్దను చూచువారెవ్వరు? అంగుళములో ఎనిమిదవ వంతు తక్కువైన యాహారమును, ఎవ్వరును చూడనిచోట, తన చేతితో తానే విడిచిపెట్టుట సామాన్యమైన నిగ్రహము గాదు. ఈ వినోదములో నేర్వదగిన పాఠము అదియేయని తలచుచున్నాము. మన యూరి కాలువలో మావు పెట్టు బాలుడు గ్రుడ్లతోనున్న పీతను మరల నీట విడిచినయెడల, మెయిన్ వెళ్లకయే ఆ పాఠమును నేర్చినవాడగును. రాబోవు ఏండ్లలో అతని తమ్ములకును ఆ కాలువలో పీతలు దొరకును.