మందు లేదన్న తరువాత

"ఇక మందు లేదు, ఇంటికి తీసుకొని పొండి" అని డాక్టరు చెప్పిన పిమ్మట రోగికి దిక్కెవరు? మన బెంగుళూరులో మారతహళ్ళి వద్దనున్న కరుణాశ్రయము అట్టివారి కొరకే. 1994లో ఏర్పడిన బెంగుళూరు హాస్పీస్ ట్రస్టు దీనిని 1999లో తెరచినది. ముదిరిన క్యాన్సరు రోగులను ఇచ్చట ఉచితముగా చూచుకొందురు.

భవనము సంగతి అటుంచుదము. మేము మెచ్చుకొనునది అచ్చటి నర్సులను, ఆయాలను. కుళ్ళిన పుండు వాసనకు అయినవారే మొగము త్రిప్పుకొందురు. వీరు దానిని కడిగి కట్టు కట్టుదురు. వీపున పుండ్లు పడకుండ రోగిని ప్రక్కకు త్రిప్పుచుందురు. నొప్పి తిరుగబెట్టకముందే వేళకు మార్ఫిను ఇత్తురు. మన పెద్దలు, అందులో ఆడవారు, నొప్పియని నోరు విప్పరు గదా! ముఖము చూచి గ్రహింపవలసినదే.

ఇంటనే ఉండగోరువారి వద్దకు నర్సులే వత్తురు. కడపటి వారము వరకు ఆగక ముందుగనే కబురు చేసినచో, వారు చేయగలిగినది ఎంతో కలదు.