కుక్కలకును పిల్లులకును వచ్చు లోకంటివాపు

పల్లెలయందు కుక్క దొడ్డికి కావలి, పిల్లి గాదెకు కావలి. చూపు పోయిన యెడల ఈ రెండింటి బ్రదుకును సగము పోయినట్లే. అయినను కుక్క కన్ను ఎఱ్ఱబడి నీరు కారుచుండగా, దుమ్ము పడియుండును, రెండునాళ్లలో అదియే తగ్గునని తలచి మన మూరకుందుము. దుమ్మువలన వచ్చిన ఎఱుపు తగ్గుట నిజమే. కాని ప్రతి ఎఱుపును దుమ్మువలన వచ్చినది కాదు. కొన్ని కంటి లోపలి పొరకు వచ్చిన వాపునకు గుర్తులు. ఆ వాపు పెక్కుసారులు రక్తమున దాగియున్న రోగమును బయటపెట్టును. నేడు ఆ లోకంటివాపును గూర్చి ముచ్చటింతము.

కన్ను మూడుపొరల గోళము. వెలుపలి పొర గట్టిది; దాని ముందుభాగము అద్దమువలె స్వచ్ఛముగా నుండును, తక్కినది తెల్లగ్రుడ్డు. మిక్కిలి లోపలి పొర వెలుగును గ్రహించి మెదడునకు తెలుపునది. ఈ రెండింటి నడుమ రక్తనాళములతో నిండిన నల్లని పొర యొకటి కలదు. దీనిని పాశ్చాత్యవైద్యులు యువియా యందురు. లాటిను భాషలో ద్రాక్షపండునకుగల పేరునుండి ఆ మాట పుట్టినది. తెల్లని పొరను ఒలిచినచో లోపలిది నల్లద్రాక్షపండువలె కానవచ్చును.

ఈ నడిమిపొరకు మూడు భాగములు. మొదటిది పాపచుట్టు నుండు రంగుతెర. పిల్లి కంటిపాప పగలు సన్నని గీతవలెను, రాత్రి గుండ్రని కాసువలెను మారుట మన మెఱిగినదే; అది ఈ తెర చేయు పని. రెండవది తెరవెనుక నున్న కండగల వలయము. కంటిలోని తేటనీటిని ఊర్చునది ఇదియే. మూడవది వెనుకవైపున పఱచుకొనియున్న రక్తపటలము. వెలుగును గ్రహించు పొరకు ఆహార మందించునది.

ఆరోగ్యముగా నున్నప్పుడు రక్తమునకును కంటిలోని తేటనీటికిని నడుమ గట్టి కట్ట యుండును. వాపు వచ్చినప్పుడు ఆ కట్ట తెగును. రక్తములోని పదార్థములును కణములును ఊరి తేటనీరు మసకబారును. ఏటిలో కలిసిన మురికి దాని కాలువలు పాఱు ప్రతి చేనికిని చేరినట్లు, ఒడలిలోని రోగము ఈ పొరకు చేరుచున్నది.

ఇక గుర్తులు. జంతువు కన్ను పూర్తిగా తెఱవక చికిలించును. వెలుగునకు ఓర్వలేక చీకటిమూలకు చేరును. నీరు కారును. తెల్లగ్రుడ్డు నల్లగ్రుడ్డును కలియుచోట ఎఱుపు వలయముగా కనబడును. అద్దపుపొర పొగపట్టినట్లుండును. అన్నిటికంటె ముఖ్యమైన గుర్తు పాప చిన్నదగుట. జంతువును నీడపట్టున నిలిపి రెండు కన్నులను పోల్చి చూడుడు. బాధపడు కంటి పాప రెండవదానికంటె చిన్నదైనచో సంశయింపవలయును. వట్టి కంటికలకలో పుసి మెండుగా నుండును, పాప మామూలుగా నుండును. లోకంటివాపులో పుసి తక్కువ, నొప్పి యెక్కువ. పిల్లులలో ఎఱుపును నొప్పియు అంతగా పైకి కానరాకయే వ్యాధి సాగుట కలదు. వాని రంగుతెర వన్నె మాఱినచో అదియే హెచ్చరిక.

కారణములలో మన గ్రామములకు మిక్కిలి సంబంధించినది గోమారివలన వచ్చు జ్వరము. గోమారినే పిడుదనియు నందురు. దాని కాటువలన ఎర్లీకియా కానిస్ అను సూక్ష్మజీవి కుక్క రక్తమున ప్రవేశించును. 1935లో అల్జీరియాలో దొనాషియన్, లెస్టొకార్ అను ఫ్రెంచి పండితులు దీనిని మొదట గుర్తించిరి. మన దేశపు కుక్కలలో ఈ రోగము విస్తారముగా కలదు. జ్వరము వచ్చును, మేత తగ్గును, కుక్క చిక్కిపోవును, చిగుళ్లు పాలిపోవును. ఒక్కొకప్పుడు ముక్కునుండి నెత్తురు కారును. కొన్ని కుక్కలలో కంటి ఎఱుపో, కంటిలోని నెత్తురో మన కంటబడు మొదటి గుర్తు. అట్టి సమయమున కంటికి మాత్రము మందువేసి రక్తమును మఱచితిమా, కుక్కయే చేజాఱవచ్చును.

ఎలుకల మూత్రముతో చెడిన నీటివలన వచ్చు లెప్టోస్పైరా రోగమును కంటిలో వాపు పుట్టింపగలదు. ఇది మనుష్యులకును సోకునది. కావున రోగముతోనున్న కుక్క మూత్రమును వట్టిచేతులతో తాకరాదు. కుక్కల కాలేయమును చెఱచు వైరస్‌ వ్యాధి యొకటి కలదు. అందు తేఱుకొనుచున్న సమయమున అద్దపుపొర నీలవర్ణము దాల్చును. దీనిని నీలికన్ను అందురు. టీకాలతో ఈ వ్యాధిని నివారింపవచ్చును.

పిల్లులకు ఎలుకలను, పచ్చిమాంసమును తినుటవలన టాక్సోప్లాస్మా అను జీవి చేరవచ్చును. కొరోనా జాతి వైరస్‌ వలన వచ్చు ఎఫ్. ఐ. పి. అను వ్యాధియు కంటిని పట్టును. చాలకాలము ఈ వ్యాధి వచ్చిన పిల్లి దక్కుట అరుదు. 2019లో కాలిఫోర్నియాలో నీల్స్ పెడర్సన్ అను పశువైద్యుడును ఆయన సహచరులును క్రొత్తమందు నొకదానిని 31 పిల్లులకిచ్చి ఫలితములను ప్రకటించిరి. వానిలో 25 పిల్లులు దక్కినవి.

ఇవిగాక దెబ్బలు, ముండ్లు గ్రుచ్చుకొనుట, ముదిరిన శుక్లము కాఱుట కూడ కారణములు. పిల్లి రంగుతెరపై గోధుమరంగు మచ్చ లేర్పడి నానాటికి వ్యాపించుచున్నచో అది కంతి కావచ్చును, ఆలసింపరాదు.

వాపు నణచకున్న ఏమగును? రంగుతెర వెనుకనున్న కటకమునకు అంటుకొని పాప వంకరలుపోవును. శుక్లము ఏర్పడును. వాపు తొలినాళ్లలో నీరూరుట తగ్గి కన్ను మెత్తబడును; పిమ్మట నీరు పోవు దారులు పూడిపోయి ఒత్తిడి పెరుగును. ఇదియే నీటికాసులు. అప్పుడు పోయిన చూపు సాధారణముగా తిరిగి రాదు.

కావున కంటిగుర్తు కనబడిన నాడే, లేదా మఱునాడు, పశువైద్యుని యొద్దకు కొనిపోవలయును. ఆయన పచ్చరంగు వేసి అద్దపుపొరపై పుండు కలదా యని చూచును, ఒత్తిడిని కొలుచును, రక్తమును పరీక్షించును. పుండు లేనిచో వాపు నణచు స్టెరాయిడు చుక్కలిచ్చును. పాపను విప్పి నొప్పి తగ్గించు అట్రోపిను ఇచ్చుట కలదు. ఒత్తిడి పెరిగిన కంటికి అది తగదు. గోమారి జ్వరమైనచో డాక్సీసైక్లిను అను మందును సుమారు నాలుగు వారములు వాడుమనును. కుక్క లేచి తిరుగుచున్నదని నడుమ మానరాదు.

చేయరానివి నాలుగు. ఉప్పు నమిలి కంటిలో నుమియరాదు, ఆకుపసరులు పిండరాదు. మనుష్యులకు వాడగా మిగిలిన చుక్కలు వేయరాదు. పుండుపై స్టెరాయిడు పడినచో కన్ను చిల్లిపడవచ్చును. నొప్పికని మనుష్యుల మాత్రలు పెట్టరాదు. పిల్లికి పారాసిటమాల్ మాత్ర ఒక్కటియే ప్రాణాంతకము కావచ్చును. పరిచయములేని కుక్కను పట్టి కన్ను తెఱచి చూడరాదు; పిచ్చికుక్క కాటు భయము ఎల్లప్పుడు కలదు.

నివారణము మన చేతిలోనిది. వారమున కొకసారి కుక్క చెవులలోను, వ్రేళ్లసందులలోను వెదకి గోమారుల నేఱివేయుడు. ఏఱినవానిని చేతితో నలుపక సబ్బునీటిలో వేయుడు. ఆడ గోమారి గోడపగుళ్లలో వేలకొలది గ్రుడ్లు పెట్టును. కావున కుక్క పండుకొనుచోట పగుళ్లు పూడ్చుడు. వైద్యుడు చెప్పిన గోమారిమందును, ఏటేట టీకాను మఱువకుడు. ఎలుకలను తగ్గింపుడు.

గ్రామమున పెద్దలమాట చెల్లును. ఎవరి యింటి కుక్కయైనను కన్ను చికిలించుచు మూలకు చేరినదని విన్నప్పుడు, "ఎదురుచూడకుము, నేడే వైద్యునకు చూపుము" అని మీరు చెప్పినచో ఆ కుక్క చూపు దక్కును; పెక్కుసారులు దాని ప్రాణమును దక్కును.