చర్చికి వెళ్లేవారికి రాజకీయాలెందుకు?

మన కవరైపేట్టై తెలుగు ఇళ్లలోనూ వినిపించే ప్రశ్న ఇది. అధికారులకు లోబడాలని, పన్నులు కట్టాలని పౌలు రోమా పత్రిక 13వ అధ్యాయంలో రాశాడు. అదే పౌలు తన మీద కేసు నడిచినప్పుడు రోమా పౌరుడిగా కైసరుకే అప్పీలు చేసుకున్నాడు. లోబడడం వేరు, నోరు మూసుకోవడం వేరు.

మన తిరువళ్లూరు లోక్‌సభ స్థానాన్నే చూడండి. అది ఎస్సీ రిజర్వుడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా. క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ కుటుంబాలవారు ఇక్కడ ఓటు వేయవచ్చు, పోటీ చేయలేరు. తమిళనాడులో వారికి దక్కేది బీసీ సర్టిఫికెట్టే.

అలాగని మతం దాచడం దారి కాదు. ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకున్న పుదుచ్చేరి క్రైస్తవురాలి అప్పీలును 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు కొట్టివేసింది.

సరైన దారి వేరే ఉంది. ఈ హోదా క్రైస్తవులకూ ఇవ్వాలని 2023 ఏప్రిల్ 19న మన శాసనసభ తీర్మానించింది. జాబితా మార్చే అధికారం మాత్రం పార్లమెంటుదే. కనుక ఉన్నది ఉన్నట్టు రాయండి, ఓటు వేయండి, ఎంపీ గారికి అర్జీ పెట్టండి. ఇందులో అవిధేయత ఏమీ లేదు.