ఇంటి సర్వరుకు అదనపు పరికరాల ఎంపిక: అనుకూలతను నిర్ధారించుకునే పద్ధతి

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తర్వాత మీరు:
• ఒక పరికరం ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఎందుకు పనిచేస్తుందో, ఎందుకు పనిచేయదో వివరించగలుగుతారు.
• పరికరం పేరుకు, దాని లోపలి చిప్‌కు గల తేడాను గుర్తించగలుగుతారు.
• స్లాట్, మెమొరీ, విద్యుత్తు విషయాలలో కొనుగోలుకు ముందే సరిచూసుకోవలసిన అంశాలను పేర్కొనగలుగుతారు.
• హార్డ్ డిస్కులను, సాటా కార్డును, యూపీఎస్‌ను సరైన ప్రశ్నలు వేసి ఎంపిక చేసుకోగలుగుతారు.

1. పరిచయం

పాత డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో డెబియన్ వంటి ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నెలకొల్పితే అది ఇంటి సర్వరుగా పనికివస్తుంది. కుటుంబ ఛాయాచిత్రాలు, పిల్లల సర్టిఫికెట్లు, పట్టాదారు పాసు పుస్తకం స్కాన్ ప్రతులు అన్నీ ఒకచోట భద్రపరచుకోవచ్చు. ఇంట్లోని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అన్నీ వాటిని చదువుకోగలవు. అయితే కొద్దికాలానికే మరొక డిస్కు, మరికొంత మెమొరీ, వేగవంతమైన నెట్‌వర్క్ కార్డు, ఒక యూపీఎస్ అవసరమవుతాయి.

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ విపణిలో "ఇది లినక్స్‌లో పనిచేస్తుందా?" అని అడిగితే, "అన్నింట్లోనూ పనిచేస్తుందండీ" అనే సమాధానం రావచ్చు. అది అబద్ధం కాకపోవచ్చు. అడిగిన ప్రశ్నలోనే స్పష్టత లేదు. "దీనిలో ఉన్న చిప్ ఏది? దాని డ్రైవర్ నా కెర్నెల్‌లో ఉందా?" అన్నదే సరైన ప్రశ్న. తప్పు ఎంపిక వల్ల పోయేది డబ్బు మాత్రమే అయితే సరిపెట్టుకోవచ్చు. సర్వరు విషయంలో దాచుకున్న సమాచారమే ప్రమాదంలో పడుతుంది.

2. డ్రైవర్ ఎక్కడ ఉంటుంది?

ఆపరేటింగ్ సిస్టమ్‌కు, పరికరానికి మధ్య దుబాసీ వంటి ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. దాని సోర్స్ కోడ్ అందుబాటులో ఉండటం ఎంత ముఖ్యమో చరిత్ర చెబుతుంది. 1980 ప్రాంతంలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు ఒక కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. కాగితం ఇరుక్కున్నప్పుడు వాడుకరులకు ఆ సంగతి తెలిసేలా దాని ప్రోగ్రామును మార్చాలని రిచర్డ్ స్టాల్మన్ ప్రయత్నించారు. సోర్స్ కోడ్ ఆయనకు లభించలేదు. 1983లో జీఎన్‌యూ ప్రాజెక్టును ప్రకటించడానికి దారితీసిన అనుభవాలలో దీనిని ఒకటిగా ఆయన చెబుతారు.

లినక్స్ కెర్నెల్‌ను లినస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేశారు. నేడు దానిలోని కోడ్‌లో చాలా పెద్ద భాగం డ్రైవర్లదే. డ్రైవర్లు రెండు రకాలుగా మనకు ఎదురవుతాయి.

(అ) లోపలి డ్రైవర్: కెర్నెల్‌తో పాటే వస్తుంది. కెర్నెల్‌ను మార్చినప్పుడు దాని నిర్మాతలే ఈ డ్రైవర్‌ను కూడా సవరిస్తారు. మనం ప్రత్యేకంగా చేయవలసింది ఏమీ ఉండదు.

(ఆ) బయటి డ్రైవర్: పరికరం తయారీదారు విడిగా ఇస్తాడు. దీనిని మన కెర్నెల్‌కు తగినట్లు కంపైల్ చేసుకోవాలి. కెర్నెల్ లోపల డ్రైవర్లు ఉపయోగించే ఏర్పాట్లు స్థిరంగా ఉండవు. కొత్త రూపాంతరాలలో మారుతూ ఉంటాయి. కాబట్టి నిన్నటి వరకు పనిచేసిన బయటి డ్రైవర్ ఒక అప్‌డేట్ తర్వాత ఆగిపోవచ్చు. అది నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ అయితే సర్వరును చేరుకునే దారే మూసుకుపోతుంది.

పెట్టె మీద "లినక్స్‌కు అనుకూలం" అని ఉన్నా అది ఈ రెండింటిలో ఏ రకమో తెలుసుకోవాలి. సర్వరుకు లోపలి డ్రైవర్ గల పరికరాన్నే ఎంచుకోవడం ఉత్తమం.

మరొక అంశం కాలానికి సంబంధించినది. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12లో 6.1 కెర్నెల్ ఉంది. ఆ కెర్నెల్ తర్వాత విపణిలోకి వచ్చిన చిప్‌ను అది గుర్తించకపోవచ్చు. అందువల్ల సర్వరుకు సరికొత్త పరికరం కంటే ఒక తరం పాతది మేలు. కొన్ని పరికరాలకు డ్రైవర్‌తో పాటు ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైలు కూడా కావాలి. దీని సోర్స్ కోడ్ సాధారణంగా లభించదు. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి, ఇటువంటి ఫర్మ్‌వేర్‌ను అధికారిక స్థాపన ప్రతిలో చేర్చడానికి అంగీకరించారు. డెబియన్ 12 నుంచి ఈ సౌకర్యం ఉంది.

3. పెట్టె మీది పేరు, లోపలి చిప్

టీపీ-లింక్ సంస్థ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే యూఎస్‌బీ వైఫై పరికరం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. దాని మొదటి రూపాంతరంలో అథెరాస్ చిప్ ఉండేది. దానికి లినక్స్‌లో మంచి లోపలి డ్రైవర్ ఉంది. రెండవ రూపాంతరం నుంచి రియల్‌టెక్ చిప్ వచ్చింది. పేరు ఒకటే, చూడటానికి పోలికా అదే. కానీ డ్రైవర్ వేరు, పనితీరు వేరు. మొదటి రూపాంతరం గురించిన మంచి మాటలు విని రెండవదాన్ని కొన్నవారు ఇబ్బంది పడ్డారు. కాబట్టి మోడల్ పేరుతో పాటు రూపాంతరం సంఖ్యను కూడా చూడాలి.

చిప్‌ను గుర్తించడానికి కచ్చితమైన మార్గం దాని గుర్తింపు సంఖ్య. పీసీఐ, యూఎస్‌బీ పరికరాలన్నింటికీ రెండు భాగాల సంఖ్య ఉంటుంది. ఉదాహరణకు 8086:1521 అనే సంఖ్యను తీసుకోండి. మొదటి భాగం తయారీదారును సూచిస్తుంది. 8086 అంటే ఇంటెల్. 1978లో ఆ సంస్థ తెచ్చిన ప్రసిద్ధ ప్రాసెసర్ పేరు కూడా ఇదే కాబట్టి గుర్తుంచుకోవడం తేలిక. రెండవ భాగం పరికరాన్ని సూచిస్తుంది. 1521 అంటే ఐ350 అనే గిగాబిట్ నెట్‌వర్క్ చిప్. దీనికి లినక్స్‌లో "ఐజీబీ" అనే లోపలి డ్రైవర్ ఉంది.

ఈ సంఖ్యలను "ఎల్‌ఎస్‌పీసీఐ" ఆదేశంతో చూడవచ్చు. ఆదేశం పక్కన చిన్న గీత పెట్టి "ఎన్‌ఎన్‌కే" అనే మూడక్షరాలు చేర్చితే, ప్రతి పరికరం గుర్తింపు సంఖ్య, దానిని నడుపుతున్న డ్రైవర్ పేరు రెండూ కనిపిస్తాయి. డ్రైవర్ పేరు లేకపోతే ఆ పరికరాన్ని కెర్నెల్ నడపడం లేదని అర్థం. యూఎస్‌బీ పరికరాల గుర్తింపు సంఖ్యలకు "ఎల్‌ఎస్‌యూఎస్‌బీ" ఆదేశం ఉంది. వీటిని ఆంగ్ల చిన్న అక్షరాలలో టైపు చేయాలి.

డెబియన్ లైవ్ ప్రతిని ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. పాత వస్తువులు అమ్మే దుకాణంలో కార్డు బిగించిన కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్‌తో ప్రారంభించి ఈ ఆదేశాన్ని నడిపితే, డబ్బు చెల్లించకముందే సమాధానం తెలుస్తుంది.

4. ప్రమాణాలను పాటించే పరికరాలు

కొన్ని రకాల పరికరాలకు అందరూ అంగీకరించిన ప్రమాణం ఉంటుంది. ఎవరు తయారు చేసినా ఒకే డ్రైవర్ సరిపోతుంది. సాటా డిస్కు నియంత్రకాలకు ఏహెచ్‌సీఐ, వేగవంతమైన ఎస్‌ఎస్‌డీలకు ఎన్‌వీఎంఈ, యూఎస్‌బీ 3 నియంత్రకాలకు ఎక్స్‌హెచ్‌సీఐ ఇటువంటి ప్రమాణాలే. వైఫై కార్డులకు, గ్రాఫిక్స్ కార్డులకు అలాంటి ఉమ్మడి ప్రమాణం లేదు. వాటి విషయంలో చిప్ వారీగా విచారించక తప్పదు.

డిస్కుల సంఖ్య పెంచే కార్డులను రెండుగా విభజించవచ్చు. ఏహెచ్‌సీఐని పాటించే సాధారణ సాటా కార్డులు మొదటి రకం. ఏఎస్‌మీడియా ఏఎస్‌ఎం1166 చిప్ ఆరు డిస్కులను, జేమైక్రాన్ జేఎంబీ585 చిప్ ఐదు డిస్కులను కలుపుతాయి. రెండవ రకం రెయిడ్ కార్డులు. ఇవి డిస్కులను తమ చాటున ఉంచి, వాటన్నింటినీ ఒకే డిస్కుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు చూపుతాయి. జెడ్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైల్ వ్యవస్థలు ప్రతి డిస్కునూ నేరుగా చూడాలని కోరుకుంటాయి. పైగా రెయిడ్ కార్డు చెడిపోతే, డిస్కులు బాగున్నా వాటిని చదవడానికి సాధారణంగా అదే రకం కార్డు మళ్లీ వెతకాలి. ఇంటి సర్వరుకు మొదటి రకమే క్షేమం.

5. స్లాట్, మెమొరీ, విద్యుత్తు

డ్రైవర్ ఉన్నంత మాత్రాన పరికరం పొసగినట్లు కాదు. భౌతికంగా మూడు అంశాలు సరిచూడాలి.

స్లాట్: పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో సమాచారం లేన్ల ద్వారా ప్రవహిస్తుంది. రెండవ తరంలో ఒక్కో లేన్ సెకనుకు సుమారు 500 మెగాబైట్లు, మూడవ తరంలో సుమారు 1 గిగాబైటు మోస్తుంది. 16 లేన్ల పొడవున్న స్లాట్‌కు లోపల 4 లేన్లే కలిపి ఉండవచ్చు. ఆ వివరం మదర్‌బోర్డు పుస్తకంలో ఉంటుంది. ఎం.2 స్లాట్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కొన్ని ఎం.2 స్లాట్లు సాటా ఎస్‌ఎస్‌డీని మాత్రమే, కొన్ని ఎన్‌వీఎంఈని మాత్రమే, కొన్ని రెండింటినీ స్వీకరిస్తాయి. 2280 అనే సంఖ్య 22 మిల్లీమీటర్ల వెడల్పును, 80 మిల్లీమీటర్ల పొడవును మాత్రమే తెలుపుతుంది.

మెమొరీ: డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288 పిన్నులు. ఒకదాని చోట మరొకటి పట్టదు. అయితే పట్టినా పనిచేయనివి కూడా ఉన్నాయి. పెద్ద సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ మెమొరీ పాత సామాను దుకాణాల్లో చవకగా దొరుకుతుంది. అది స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది కానీ సాధారణ డెస్క్‌టాప్ దానితో ప్రారంభం కాదు.

విద్యుత్తు: 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణాల్లో 12 వోల్టుల తీగ నుంచి సుమారు 2 ఆంపియర్లు తీసుకోవచ్చు. నాలుగు డిస్కులు ఒకేసారి మొదలైతే దాదాపు 96 వాట్లు అవుతుంది. పాత పవర్ సప్లై ఈ భారాన్ని మోయలేకపోతే డిస్కులు మధ్యలో మాయమవుతాయి. లోపం డిస్కుదని పొరబడతాం. రాస్ప్‌బెర్రీ పై 4లోనైతే నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి 1.2 ఆంపియర్లే లభిస్తాయి. అక్కడ సొంత విద్యుత్తు గల హబ్ ద్వారా డిస్కులను కలపాలి.

6. డిస్కులో దాగిన తేడా

కొన్ని డిస్కులలో సమాచారపు గాడులు పక్కపక్కన ఉంటాయి. దీనిని సీఎంఆర్ అంటారు. మరికొన్నింటిలో పెంకుటింటి పైకప్పు మీద పెంకుల్లాగా ఒకదాని అంచు మీద మరొకటి ఉంటాయి. ఇది ఎస్‌ఎంఆర్. మధ్యలోని పెంకును మార్చాలంటే పైన ఉన్నవాటిని కూడా కదపాలి. అలాగే ఎస్‌ఎంఆర్ డిస్కులో చిన్న మార్పుకు కూడా చుట్టుపక్కల గాడులను తిరిగి రాయవలసి వస్తుంది. చెడిపోయిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి సమాచారాన్ని పునర్నిర్మించేటప్పుడు ఇది విపరీతమైన ఆలస్యానికి దారితీస్తుంది. సమాచారం ఒకే డిస్కు మీద ఆధారపడి ఉండే సమయం కూడా అదే.

వెస్టర్న్ డిజిటల్ సంస్థ నెట్‌వర్క్ నిల్వ కోసం అమ్మే రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టెరాబైట్ల డిస్కులు కొన్ని ఎస్‌ఎంఆర్ రకమని 2020లో వెల్లడైంది. ఆ తర్వాత సంస్థ సీఎంఆర్ డిస్కులను రెడ్ ప్లస్ అనే పేరుతో వేరు చేసింది. కాబట్టి తయారీదారు వివరపత్రంలో "సీఎంఆర్" అనే మాట చూసిన తర్వాతే కొనాలి. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం ఉన్నంత మాత్రాన అది బ్యాకప్ కాదని కూడా గుర్తుంచుకోండి. పొరపాటున తొలగించిన ఫైలు రెండింటిలోనూ పోతుంది.

7. యూపీఎస్

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ ఎందుకని అనిపించవచ్చు. ఇన్వర్టర్ విద్యుత్తును ఇస్తుంది కానీ బ్యాటరీ అయిపోతోందని సర్వరుకు చెప్పదు. సమాచార సౌకర్యం గల యూపీఎస్ యూఎస్‌బీ తీగ ద్వారా ఆ కబురు చెబుతుంది. నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము దానిని విని సర్వరును క్రమపద్ధతిలో ఆపుతుంది. ఆ ప్రోగ్రాము నిర్మాతలు అనుకూలమైన యూపీఎస్‌ల పట్టికను నిర్వహిస్తున్నారు. కొనే మోడల్ అందులో ఉందేమో చూడండి. కొన్ని యూపీఎస్‌లకు ఉండే యూఎస్‌బీ పోర్టు ఫోన్ ఛార్జింగ్‌కు మాత్రమే. చవక మోడళ్లు కొన్నింటికి అసలు పోర్టే ఉండదు.

8. ఒక ఉదాహరణ

ఒక పాత డెస్క్‌టాప్‌లో మూడు సాటా పోర్టులు, ఒక గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టు ఉన్నాయనుకుందాం. ఒక పోర్టుకు ఎస్‌ఎస్‌డీ, మరొకదానికి డీవీడీ డ్రైవ్ కలిపి ఉన్నాయి. దీనికి ఒకే సమాచారం నిలిచే రెండు డిస్కులు కలపాలి. ముందుగా సాటా కార్డు కొనాలనిపిస్తుంది. కానీ డీవీడీ డ్రైవ్‌ను తీసివేస్తే రెండు పోర్టులు ఖాళీ అవుతాయి. కార్డు అవసరమే లేదు.

వేగం కోసం ఎన్‌వీఎంఈ కొందామా? గిగాబిట్ నెట్‌వర్క్ సెకనుకు అత్యధికంగా 125 మెగాబైట్లు పంపగలదు. నేటి సాధారణ హార్డ్ డిస్కే పెద్ద ఫైళ్లను అంతకంటే వేగంగా చదవగలదు. కాబట్టి ఎన్‌వీఎంఈ ఖర్చు వృథా. 2.5 గిగాబిట్ కార్డు కొన్నా, రౌటరు లేదా స్విచ్చు, అవతలి కంప్యూటర్ కూడా ఆ వేగాన్ని అందుకోగలిగితేనే ప్రయోజనం. ఇక మిగిలేవి రెండు సీఎంఆర్ డిస్కులు, ఒక యూపీఎస్. పవర్ సప్లైలో డిస్కులకు సరిపడా సాటా విద్యుత్ తీగలు ఉన్నాయో లేదో చూడటం చివరి పని.

9. సారాంశం

పరికరం పేరు కంటే దాని లోపలి చిప్ ముఖ్యం. ఆ చిప్‌కు మనం వాడుతున్న కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉండటం శ్రేయస్కరం. ఉమ్మడి ప్రమాణాన్ని పాటించే పరికరాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. స్లాట్, మెమొరీ రకం, విద్యుత్తు సామర్థ్యాలను కొనకముందే సరిచూడాలి. అన్నింటికంటే ముందు ఆ పరికరం నిజంగా అవసరమా అని ప్రశ్నించుకోవాలి.

10. మీ అవగాహనను పరీక్షించుకోండి

1. లోపలి డ్రైవర్‌కు, బయటి డ్రైవర్‌కు గల తేడాలను వివరించండి.
2. ఒకే మోడల్ పేరు గల రెండు పరికరాలలో ఒకటి పనిచేసి, మరొకటి పనిచేయకపోవడానికి కారణం ఏమిటి?
3. ఇంటి సర్వరుకు రెయిడ్ కార్డు కంటే సాధారణ సాటా కార్డు ఎందుకు క్షేమం?
4. మీ ఇంట్లో లేదా అధ్యయన కేంద్రంలో ఉన్న ఒక లినక్స్ కంప్యూటర్‌లో "ఎల్‌ఎస్‌పీసీఐ" ఆదేశాన్ని నడిపి, నెట్‌వర్క్ పరికరం గుర్తింపు సంఖ్యను, డ్రైవర్ పేరును నమోదు చేయండి.