150 డాలర్ల మాట

గోల్ఫ్ మైదానముల నిర్మాణమున రాబర్ట్ ట్రెంట్ జోన్స్ అందెవేసిన చేయి. ఆ మహాశిల్పి తీర్చిన హేజెల్‌టిన్ మైదానమును 1970లో ఒక ఆటగాడు బాహాటముగా తప్పుపట్టి, ఆ మాటకు జరిమానా చెల్లించెను. ఆ మాటలోని సత్యమును నేలచే ఒప్పించుటకు రెండు దశాబ్దములు పట్టినది.

1970 జూన్ 18. అమెరికా దేశమున మిన్నెసోటా రాష్ట్రమందలి చాస్కా పట్టణపు పొలిమేరలో, హేజెల్‌టిన్ సరస్సు చెంత, ఆ యేటి యు.ఎస్. ఓపెన్ పోటీ ప్రారంభమైన నాడు, గంటకు 40 మైళ్ల వేగముతో గాలి విజృంభించి వీచుచుండెను. ఆనాటి గోల్ఫ్ లోకమునకు త్రిమూర్తులవంటివారైన జాక్ నిక్లస్, గేరీ ప్లేయర్, ఆర్నాల్డ్ పామర్ మువ్వురును, 72 దెబ్బలలో ముగియవలసిన ఆ మైదానమును, వరుసగా 81, 80, 79 దెబ్బలకు గాని దాటలేకపోయిరి. ఇంగ్లండునుండి వచ్చిన టోనీ జాక్లిన్ ఒక్కడు మాత్రము 71 దెబ్బలతో ఆ గాలికి ఎదురీది అగ్రస్థానమున నిలిచెను.

ఆ దినపు దుర్గతికి గాలిని నిందించి ఊరకుండవచ్చును. కాని మరునాడు గాలి తగ్గినను ఆటగాండ్ర గొణుగుడు తగ్గలేదు. ఆ రెండవనాడు 69 దెబ్బలలో ఆటను ముగించి, పోటీలో ముందువరుసన నిలిచిన డేవ్ హిల్ అను ఆటగాడు విలేఖరుల యెదుటకు రాగా, ఈ మైదానమునకు ఏమి కొరతయని వారడిగిరి. ఎనుబది ఎకరముల మొక్కజొన్నయు, కొన్ని ఆవులును కొరతయని ఆతడు బదులు చెప్పెను. చక్కని పొలమును చెడగొట్టినారని ఆ మాటకు తాత్పర్యము. ఆ తెగడికకు ఆతనికి 150 డాలర్ల జరిమానా పడెను.

ఆడలేక మద్దెల ఓడనుట లోకమున ఉన్నదే. ఓడినవాడు నేలను దూరుటయు అట్టిదే. కాని ఆనాడు మద్దెల ఓడన్నవాడు ఆడలేనివాడు కాడు. ఆ దినమున చక్కగా ఆడి, పోటీ ముగియునప్పటికి ద్వితీయస్థానమున నిలిచినవాడు. గెలిచిన జాక్లిన్ మొత్తము 281 దెబ్బలు ఆడగా, హిల్ 288 ఆడెను. పోటీ మొత్తముమీద ప్రమాణసంఖ్యకు లోపల నిలిచినవాడు జాక్లిన్ ఒక్కడే. కనుక ఆ మాటను ఓటమి పలికించిన మాటగా త్రోసిపుచ్చుట న్యాయము కాదు. ప్రసిద్ధుడైన ఒక శిల్పి చేతిలో ఒక నేల ఎట్లు తడబడెనో, ఆ తడబాటు ఎట్లు సవరింపబడెనో తెలిసికొనుటకు ఆ మాటయే మనకు ద్వారము.

శిల్పియు, ఆతని విశ్వాసమును

జోన్స్ 1906లో ఇంగ్లండున జన్మించి, బాల్యముననే అమెరికా చేరిన వాడు. మైదానములను కట్టు విద్యకు ప్రత్యేకమైన పాఠ్యక్రమము లేని దినములలో, కార్నెల్ విశ్వవిద్యాలయమున తనకు కావలసిన చదువును తానే కూర్చుకొని, నేల గుణమును, నీటి పారుదలను, పచ్చిక పెంపకమును, తోటల తీర్పును ఒక్క వృత్తికి ఉపకరణములుగా అభ్యసించెను. 2000లో కన్నుమూయు నాటికి ఆతడు నిర్మించినవియు సవరించినవియునగు మైదానములు సుమారు 500. తన మైదానములపై సూర్యుడస్తమింపడని చెప్పుకొనగలిగినంత విస్తృతి ఆతనిది.

గోల్ఫ్ తెలియనివారికొక మాట. తొలి దెబ్బ వేయు గద్దెను టీ అందురు. బంతి సాగిపోవుటకు కురచగా కోసిన పచ్చిక బాటను ఫెయిర్‌వే అందురు. చివరను, చాపవలె నున్నగా పరచిన పచ్చికను గ్రీన్ అందురు. బంతి చేరవలసిన చిన్న గుంట అందుండును. టీ మొదలు గుంట వరకుగల ఈ యావత్తు ప్రయాణమునకు హోల్ అనియే పేరు; మైదానమున అట్టివి పదునెనిమిది. ప్రతి హోలును ఇన్ని దెబ్బలలో ముగింపవలెనను ప్రమాణము పార్. దానికొకటి మించినచో బోగీ. పార్ కష్టసాధ్యముగను, బోగీ సులభసాధ్యముగను ఉండవలెనన్నది జోన్స్ సిద్ధాంతము: ఉత్తముడు శ్రమించి గెలువవలెను, సామాన్యుడు అవమానము పాలుగాక ఇల్లు చేరవలెను. ఇంతకంటె న్యాయమైన సూత్రము ఆ కళలో మరియొకటి యున్నదని నేననుకొనను.

ఆ సూత్రమును పట్టుకొని ఆతడు పెద్దల పోటీలకు నేలలను కఠినతరము చేయసాగెను. మిషిగన్ రాష్ట్రమున ఓక్‌లాండ్ హిల్స్ మైదానమును 1951 యు.ఎస్. ఓపెన్‌కు ఆతడు సవరించినప్పుడు, ఆ పోటీ యంతటిలో 70 దెబ్బలకు లోపల ముగిసిన ఆటలు రెండే రెండు. అందొకటి బెన్ హోగన్ చివరిపూట ఆడిన 67. గెలిచిన హోగన్ ఆ మైదానమును రాక్షసితో పోల్చి, దానిని మోకరిల్లజేసితినని చెప్పుకొనెను. ఆటగాండ్రు అలసిరి, శిల్పికి కీర్తి వచ్చెను.

న్యూ జెర్సీలోని బాల్టస్‌రాల్ ఉదంతము ఆ కీర్తికి పతాక. 1954 పోటీకై ఆతడు సవరించిన నాలుగవ హోలున, టీ నుండి గ్రీను అంచువరకు బంతి నీటిమీదుగనే ఎగిరిపోవలెను. ఇది మరీ కఠినమని సభ్యులు మొరపెట్టగా, జోన్స్ వారిలో కొందరిని వెంటబెట్టుకొని ఆ టీ కడకు పోయెను. తక్కినవారు బంతులను కొట్టిరి. తన వంతు వచ్చినప్పుడు ఆతడు కొట్టిన బంతి నీటిని దాటి, గ్రీనుపై పడి, దొరలి దొరలి గుంటలో పడిపోయెను. ఒక్క దెబ్బకే హోలు ముగిసెను. ఆతడు వారివైపు తిరిగి, హోలు న్యాయముగనే యున్నదని నెమ్మదిగా చెప్పెను.

ఆ కథను చదివిన ప్రతిసారియు ముచ్చట కలుగును. ఆ వెనుకనే ఒక సందేహమును కలుగును. ఆ ఒక్క దెబ్బ శిల్పి నేర్పును చాటినదే గాని, హోలు న్యాయమును నిరూపించినదని చెప్పజాలము. ఆ హోలు నిజముగ న్యాయమైనదే. ఏలయన నీరెంత వెడల్పో, గ్రీనెచ్చట నున్నదో, తప్పినచో ఏమగునో టీ మీద నిలిచిన ప్రతివానికి కంటి యెదుట కనిపించును. ఆపద అంతయు బహిరంగము, కావున ఆటగాడు తన బలము నెంచుకొని సాహసింపగలడు. హేజెల్‌టిన్‌లో లోపించినది సరిగా ఇదియే.

నేలను చదువుట

హేజెల్‌టిన్ మైదానము 1962లో తెరువబడెను. 1970 నాటికి దాని పొడవు 7,151 గజములు. పెక్కు హోళ్లు కుక్క వెనుకకాలివలె నడుమ విరిగి ప్రక్కకు తిరిగినవి. అట్టి వంపును గోల్ఫ్ పరిభాషలో డాగ్‌లెగ్ అందురు. వంపు దానంతట దోషము కాదు. వంపు మూలను తెగించి దాటినవానికి దగ్గరి దారి దొరకి, జంకినవానికి చుట్టుదారి మిగిలినచో, ఆ వంపు ఒక ప్రశ్న యగును. ఆటగాడు తన బుద్ధితో దానికి సమాధానము చెప్పును. కాని తెగించినవానికిని జంకినవానికిని ఒకే తావున బంతిని నిలుపుట తప్ప గత్యంతరము లేనప్పుడు, ఆ వంపు ప్రశ్న కాదు, ఆజ్ఞ. ఆటగాడు ఆలోచించుట మాని విధేయుడగును.

దానికి తోడు మిట్టలు. టీ మీద నిలిచినవానికి ముందరి మిట్టయు, పైన ఆకాశమును కనబడును. ఆవల నేల కుడికి వాలినదో ఎడమకు వాలినదో తెలియదు. మైదానము పడుచుది, చెట్లు ఎదిగి దారికి అంచులు దిద్దు వయసు ఇంకను రాలేదు. అట్టిచోట చక్కగా కొట్టిన బంతి సరియైన చోట పడినదో లేదో, అక్కడికి నడచి చేరువరకు తెలియదు. నేర్పునకు ఫలితము కంటి యెదుట దక్కనప్పుడు, ఆటలోని ఆనందమున సగభాగము అచటనే హరించిపోవును.

కంటికి కనరాని దెబ్బ ఎల్లచోటుల దోషమేయని నేననను. ఐర్లండు పడమటి తీరమున లాహించ్ అను ఊర, ఇసుకదిబ్బల నడుమ, 1894లో ఓల్డ్ టామ్ మారిస్ తీర్చిన మైదానమున్నది. అందు డెల్ అను హోలున గ్రీను రెండు పెనుదిబ్బల మధ్య దాగియుండును. టీ నుండి దాని జాడయే తెలియదు. కాని ముందరి దిబ్బ మేనిమీద తెల్లని రాయి యొకటి యుండును. గుంట స్థానము మారినప్పుడెల్ల ఆ రాతిని జరిపి, దాని సూటికి నేరుగా గుంట యున్నదని ఆటగానికి తెలుపుదురు. నేల దాచినదానిని మనుష్యుడు ఒక రాతితో చెప్పుచున్నాడు. 1927లో ఆ మైదానమును తిరిగి తీర్చవచ్చిన అలిస్టర్ మెకెంజీ సయితము ఆ హోలును కదల్పలేదు. అచట మరుగు ప్రకృతిసిద్ధము, ఊరివారందరికిని పరిచితము. పొలముగా నుండిన నేలమీద, పటముపై గీతలు గీసి కల్పించిన మరుగు వేరు.

మన గ్రామములలో చెరువులు కట్టించిన పెద్దలు మొదట వాననీరు ఏ వంక పారుచున్నదో, ఎచట తనంత తాను నిలువగోరుచున్నదో కనిపెట్టి, ఆ పిమ్మట కట్టకు ముగ్గు పోసిరి. నీటి మనసెరుగని కట్ట మొదటి తుపానుకే తెగును. మైదానపు శిల్పికిని ఇదియే ధర్మము.

మహనీయుల తప్పులు

తడబడినవాడు జోన్స్ ఒక్కడే యనుకొనరాదు. వైద్యవృత్తిని విడిచి ఈ కళకు అంకితుడైన మెకెంజీ, కాలిఫోర్నియా తీరమున 1928లో పూర్తిచేసిన సైప్రెస్ పాయింట్ మైదానము, సముద్రముమీదుగా బంతిని పంపు పదునారవ హోలుతో జగత్ప్రసిద్ధమైనది. కాని దాని కడపటి హోలు, సముద్రమునకు వీపు త్రిప్పి, చెట్ల నడుమ ఇరుకుగా సాగి, కథ ముగిసిన పిదప చెప్పిన మాటవలె వెలితిగా ముగియును. అది పదునేడు హోళ్ల మైదానములలో ప్రపంచమున మిన్నయని ఆటగాండ్రు అనుచుండుట కారణము లేనిది కాదు. ఆ హోలు టీని తీరమునకు ఆవలి శిలపై నిలిపి, వంతెన వేయవలెనని మెకెంజీ తలచెననియు, అది కొనసాగలేదనియు ప్రతీతి.

జార్జియాలోని అగస్టాలో ఆతడు బాబీ జోన్స్ అను ఆటగానితో కూడి తీర్చిన మైదానమున, పదియవ హోలు గ్రీను పల్లమున నుండగా, 1937లో పెర్రీ మాక్స్‌వెల్ దానిని వెనుక మిట్టకు చేర్చెను. ఇసుక గుంటయైనను లేక వెలవెలబోయిన ఏడవ హోలును ఆ మరుసటి యేట తిరిగి తీర్చెను. ఒక చిన్న వాగును దాటు అల్పమైన దెబ్బగా నుండిన పదునారవ హోలును 1947లో కొలను చుట్టునట్లు మార్చి, అచటి పోటీ తుది ఘట్టమున గుండె అదరునట్టిదిగా చేసినవాడు ఎవరో కాడు, మన రాబర్ట్ ట్రెంట్ జోన్సే. ఒక మహనీయుని వెలితిని మరియొకడు పూరించుటలో అచట ఎవరికిని చిన్నతనము కలుగలేదు. మెకెంజీ కీర్తి నేటికిని తరుగలేదు. పరుని హోలును అంత చక్కగా సవరింపగలిగిన కన్ను, తన హోలు వద్ద మసకబారుట మానవసహజము. కట్టినవానికి తన పటము తెలియును గనుక మిట్ట ఆవల ఏమున్నదో కనబడుచునే యుండును, కనబడనిది తక్కినవారికి. అందుచేతనే ప్రతి శిల్పికి, ప్రతి రచయితకు, పటము చూడని పరుని కన్ను అవసరము.

సవరణ

హేజెల్‌టిన్ పెద్దలు ఆ నిందకు అలిగి తలుపులు మూసికొనలేదు. జోన్స్‌నే మరల పిలిపించి సవరణలకు పూనుకొనిరి, 1991లో యు.ఎస్. ఓపెన్ మరల అచటికి వచ్చుటకు ముందు, ఆతని కుమారుడు రీస్ జోన్స్ మిగిలిన పనికి చేయి వేసెను. తండ్రి గీచిన గీతను కుమారుడు దిద్దుటకు ఎంత వినయము కావలెనో, అంత ధైర్యమును కావలెను. వంపులు కొన్ని సరళమయ్యెను, దారులు కనబడజొచ్చెను. పూర్వము మూడు దెబ్బల హోలైన పదునారవది సరస్సు ఒడ్డున నాలుగు దెబ్బల హోలై నూతనావతార మెత్తెను. నాలుగు దెబ్బల పదునేడవది మూడు దెబ్బల హోలుగా మారెను.

1991 పోటీలో పేన్ స్టీవర్ట్, స్కాట్ సింప్సన్ ఇరువురును సమానముగా నిలువగా, మరునాడు మరల పదునెనిమిది హోళ్లు ఆడి తేల్చుకొనవలసి వచ్చెను. పదునారవ టీ మీద నిలుచునప్పటికి సింప్సన్ రెండు దెబ్బల ఆధిక్యమున నుండెను. ఆ హోలు ముగియునప్పటికి, స్టీవర్ట్ పార్‌కు ఒకటి తక్కువగను, సింప్సన్ ఒకటి ఎక్కువగను ఆడుటచే, ఇరువురును సమానులైరి. పదునేడవ హోలున సింప్సన్ బంతి నీటిపాలయ్యెను. 75 దెబ్బలతో స్టీవర్ట్ గెలిచెను. ఇరువది యొక్క యేండ్ల క్రిందట నింద మోసిన మైదానమున, రూపు మారిన ఆ రెండు హోళ్లే ఒక మహాపోటీకి తీర్పరులయ్యెను. ఈ పర్యాయము తీర్పు అన్యాయమని చెప్పదగిన కారణము లేదు.

ఆ పిదప 2002లోను 2009లోను పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్, 2016లో రైడర్ కప్ ఆ మైదానమునకు వచ్చినవి. హిల్ చెల్లించిన 150 డాలర్లు జరిమానా లెక్కలలో కలిసిపోయినవి. కాని ఆతని మాట ఆ నేలలో ఇంకినది. నేడు పదునారవ టీ మీద నిలిచిన ఆటగానికి, ముందు దాటవలసిన నీరు, కుడిప్రక్కను సరస్సు, ఎడమప్రక్కను వాగు, ఆ రెంటి నడుమ సన్నని పచ్చిక బాట, చివరను నీటిలోనికి చొచ్చుకొనిపోయిన గ్రీను, అంతయు ఒక్క చూపులో కనబడును. ఆపద తగ్గలేదు, బహుశః పెరిగినదేమో; కాని అందులో దాచినది ఏమియు లేదు.